తొమ్మిది

కుతాయిసీలో, రియోనీ నది వంపు తిరిగే చోట
అయిదంతస్తుల పాత కట్టడం. మూడో అంతస్తు బాల్కనీ.
మోకాళ్ల మీద కూర్చుని సుద్దముక్కతో గళ్లు గీస్తున్నాను,
బెత్తెడుకొక గీత.
పక్కవాటా పిల్ల చూసి తొక్కుడుబిళ్ల అనుకుంది,
పెంకుముక్క కూడా తెచ్చుకుంది.

నా రాడార్ పెట్టె చిన్నది. నాలుగు చక్రాలు, ఒక తెర.
నేలకి పొట్ట ఆనించి పిల్లిలా పాకుతుంది,
పాకుతూ లోపలికి ఒక పిలుపు పంపుతుంది.
కాంక్రీటు గొణుగుతుంది.
ఇనుము మాత్రం గట్టిగా పలుకుతుంది.

చువ్వ దగ్గరికి రాకముందే చువ్వ తెర మీదికొస్తుంది,
దాటాక కూడా కాసేపు వెంట వస్తుంది.
అందుకే అది చుక్కలా పడదు,
పైకెత్తిన కనుబొమలా పడుతుంది.
కనుబొమ నడినెత్తి ఎక్కడో
చువ్వ అక్కడ.

రాత్రంతా వాన. తడిసిన స్లాబులో అల నింపాదిగా నడుస్తుంది,
రెండంగుళాల లోతుని మూడని చెబుతుంది.
దాని మాట ఊరికే నమ్మను.
మూలన చిన్న కన్నం వేసి, గోటితో ఇనుము తాకి చూసి
లెక్క సరిచేసుకున్నాను.

నక్షాలో జానెడుకొక చువ్వ.
తెర మీద ఒక కనుబొమ.
జానెడు తర్వాత ఏమీ లేదు,
ఇస్త్రీ చేసిన దుప్పటిలా బూడిదరంగు.
మళ్లీ కనుబొమ. మళ్లీ దుప్పటి.
పెట్టెని వెనక్కి లాగాను. అటునుంచి ఇటు తోశాను.
బ్యాటరీ మార్చాను,
తప్పు నాదైతే బాగుండునని.

బాల్కనీ అంటే గోడలోంచి చాపిన చెయ్యి.
కింద పట్టుకునేవాళ్లుండరు.
పైపొరలో నరాలే దాని బలం.
నరాల్లో సగం లేవు,
అయినా చెయ్యి చాపే ఉంది ఇన్నేళ్లూ.
ఎందుకో నా చదువు చెప్పలేదు.

ఒతియా తాత కుర్చీ వేసుకుని నా వెనకే ఉన్నాడు.
ఎనభై మూడేళ్లు.
ఈ కట్టడానికి ఇనుము కట్టిన ముఠాలో
ఆయనొక్కడే మిగిలాడట.
పొద్దున్నుంచి మూడుసార్లు కాఫీ ఇచ్చాడు,
తెర వైపు ఒక్కసారీ చూడలేదు.

"ఎన్ని, తెక్లా?"
"తొమ్మిది."
"పద్దెనిమిదికి తొమ్మిది," అన్నాడు,
నేను నక్షా విప్పి చూపకముందే.

గడ్డంతో కిందికి చూపించాడు. పెరట్లో ద్రాక్ష పందిరి.
తుప్పు పట్టిన మెలికల చువ్వలు, నిలువుగా పాతినవి.
లెక్కపెట్టాల్సిన పని లేదు, అయినా పెట్టాను.

"ఆ ఏడు మా లామారా ఇజబెల్లా తీగ నాటింది.
తీగకి ఊతం కావాలంది.
ఊతం నేనే కదా కడుతున్నాను, పగలంతా, ఊరందరికీ.
సాయంత్రానికొకటి, ప్యాంటు కాలులో దూర్చి, పైన పొడుగు కోటు.
ఎడమకాలికేమైందని కాపలావాడు రోజూ జాలిపడేవాడు."

లామారా పోయి పదకొండేళ్లు.
తీగ మూడో అంతస్తు దాకా ఎగబాకింది.
దాని ఆకునీడలే ఇందాకట్నుంచి
నా తెర మీద ఊగుతున్నది.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
నా పెట్టే పట్టలేదు. లేనిదాన్ని లేదంది, అంతే.
దొంగ తనంతట తనే కుర్చీ తెచ్చుకుని
వచ్చి కూర్చున్నాడు.

"పీకి ఇచ్చేస్తాను. మళ్లీ ఇందులో పెడతారా?"
"పెట్టలేం తాతా. కింది నుంచి స్తంభాలు నిలబెడతారు."
"ఎక్కడ?"
కమ్మీ మీదుగా వంగి చూశాను.
సరిగ్గా పందిరి నడుమ.
ఆయనా చూశాడు. ఇద్దరం ఏమీ అనలేదు.

నివేదికలో గడులు: చువ్వల సంఖ్య, లోతు, ఎడం.
కారణం అన్న గడి లేదు.
వెతికాను కూడా.

పిల్ల ఖాళీ గడిలోకి పెంకు విసిరి
ఒంటికాలి మీద ఎగరబోయింది. భుజం పట్టి ఆపాను.
"తాతా, ముందు మీరు కుర్చీ లోపలికి జరుపుకోండి."

లేచాడు.
ఎడమకాలు వంచకుండా
గడప దాటాడు.